హాయిల్ తోటలో మోగని పళ్లెం

జనవరి నెల ఆఖరి శుక్రవారం, పగలు ఒంటిగంటా పది నిమిషాలకు, సౌదీలో హాయిల్ పట్టణానికి అరవై కిలోమీటర్ల అవతల ఒక గోధుమ తోటలో, రేకుల గది ముందు వేలాడే పెద్ద స్టీలు పళ్లెం మీద నేను గంటెతో కొట్టాను. నాలుగు నెలలుగా ఆ పళ్లెం మోగలేదు. దాన్ని మోగించడానికి పన్నెండు వందల కిలోమీటర్లు కారులో కూర్చుని నా నడుము విరగాల్సి వచ్చింది. అక్కడ మీసాలున్న మగవాళ్లు ఆరుగురు ఉన్నారు. ఒక్కడికీ చేతులు రాలేదు.

ఎందుకు రాలేదో చెప్తాను. మొదటి నుంచి చెప్పాలి.

ధహ్రాన్

నేను సౌదీ వెళ్లింది నా బిడ్డ సరిత దగ్గరికి, మూడు నెలల వీసా మీద. అల్లుడు ప్రసాద్ ధహ్రాన్‌లో ఇంజనీరు. పాలకొల్లు మనిషి, మర్యాద ఎక్కువ. నేను తుమ్మినా "అత్తయ్యగారూ, డాక్టరు దగ్గరికి వెళ్దామా?" అంటాడు. వాళ్లుండే కాలనీలో గడ్డి కూడా కొలిచి కోసినట్టు ఉంటుంది. వీధిలో మనిషి కనపడడు. పొద్దున ఏడింటికి ఇద్దరూ పనికి పోతే సాయంత్రం దాకా నేనూ, గోడకున్న ఏసీ. ఒకళ్ల మొఖం ఒకళ్లం చూసుకుంటూ కూర్చోవాలి.

ముప్పై ఏళ్లు బీడీలు చుట్టి, యాభై నాలుగో ఏట పలక పట్టినదాన్ని. చదవడం వచ్చాక చేతిలో కాగితం లేకపోతే తోచదు. ఆ ఇంట్లో తెలుగు పుస్తకం ఒక్కటే ఉంది. అల్లుడి తండ్రి బడిపంతులుగా చేసినప్పటిది, అట్ట ఊడిపోయింది. ఫ్రాన్సు దేశపు జనరల్ ఒకాయన జీవిత కథ. ఆయన పేరు నా నోటికి తిరగదు, మీకూ తిరగదు, వదిలేద్దాం. ఆరడుగులు దాటిన పొడుగు మనిషి. యుద్ధంలో దేశం శత్రువుకు లొంగిపోతే, ఈయన ఒక్కడు సముద్రం దాటి పరాయి దేశంలో కూర్చుని, రేడియోలో "నేను లొంగను, మీరూ లొంగకండి" అన్నాడు. చివరికి గెలిచి వచ్చి దేశానికి పెద్ద అయ్యాడు. అంతవరకు బాగానే ఉంది. అయ్యాక, నా మాట సాగడం లేదని కుర్చీ వదిలేసి సొంతూరు వెళ్లి కూర్చున్నాడు. వారం రోజుల్లో వచ్చి బతిమాలుతారనుకున్నాడేమో. పన్నెండేళ్లు పట్టింది.

నేను అక్కడిదాకా చదివాను. అప్పుడే మా మరదలు, అంటే నా తమ్ముడు భూమయ్య భార్య లక్ష్మి, జగిత్యాల నుంచి ఫోన్ చేసింది.

"వదినే, నీ తమ్ముడు ఎగ్జిట్ కొట్టిచ్చుకున్నడట. ఎన్నడస్తవంటే ఫోన్ కట్ చేస్తుండు. నువ్వు ఆడనే ఉన్నవు గదా, జర పోయి చెవు పట్టుకొని గుంజుకరా."

ఎగ్జిట్ కొట్టారంటే ఆ దేశంలో ఇక పని తీరిందని. అరవై రోజుల్లో విమానం ఎక్కాలి. ఎక్కకపోతే జరిమానా, కాగితాల చిక్కు, ఆఫీసుల చుట్టూ తిరగడం. అప్పటికే నలభై అయిదు రోజులు అయిపోయాయి. హాయిల్ తోటలో పని చేసుకుంటున్న మనిషి తానే అడిగి ఎగ్జిట్ ఎందుకు కొట్టించుకున్నాడు? కొట్టించుకున్నవాడు ఎందుకు పోడు? లక్ష్మికి తెలియదు. నాకూ తెలియదు.

"'ఆడనే' అంటే ఎంత దూరం?" అని అల్లుణ్ని అడిగాను.

"పదకొండొందల పైమాటే అత్తయ్యగారూ," అన్నాడు. పాపం, అని నోరు మూసుకున్నాడు. బుధవారం, గురువారం సెలవు పెట్టాడు. సరిత టీచరు, బడిలో పరీక్షలని రాలేదు. అట్ట లేని పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని నేను బయల్దేరాను.

అల్ ఖర్జ్

ముందు అల్ ఖర్జ్ పోయాం. అక్కడ ఆవుల ఫారంలో మా ఊరి గంగారాం ఉన్నాడు. మొన్న మొన్నటిదాకా భూమయ్య గదిలోనే ఉన్నాడు కాబట్టి, అసలు సంగతి వాడికి తెలుస్తుంది.

దారి గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఇసుక, కరెంటు స్తంభం, ఇసుక. అల్లుడి ఫోనులో ఒక ఆడమనిషి ఇంగ్లీషులో "తిన్నగా పో, తిన్నగా పో" అని చెప్తూనే ఉంది. ఇంకెటు పోతాం తల్లీ, పక్కకు తిప్పడానికి సందు ఉంటే కదా. పెట్రోలు లీటరు మన యాభై అయిదు రూపాయలట. ఆ ముక్క విని అంతకుముందు తిట్టినవన్నీ వెనక్కి తీసుకున్నాను.

అల్ ఖర్జ్‌లో ఆవులకు పంకాలు పెట్టారు. ఒకటీ రెండూ కాదు, రైల్వే ప్లాట్‌ఫారం అంత పొడుగు నీడ కింద వరసగా పంకాలు, ఎండాకాలం వస్తే పైనుంచి నీళ్ల తుంపర. మా బర్రె ఏప్రిల్ నెలలో నాలుక బయటపెట్టి నిలబడేది, దానికి ఎవరు విసిరారు? నేనే తడి గోనెసంచి కప్పేదాన్ని. ఇక్కడ ఆవులను చూసే మనుషులుండే గదుల్లో మాత్రం ఒక పంకా, అదీ రెక్క వంగి టకటకా కొట్టుకుంటుంది. ఆ మాట పైకే అన్నాను.

"ఆవు పాలిస్తది అత్తా, మేం ఏమిస్తం," అన్నాడు గంగారాం. నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

రెండు రియాళ్లకు పెద్ద సీసా మజ్జిగ, లబన్ అంటారు, కొని చేతిలో పెట్టాడు. చిక్కగా, చల్లగా, వెన్నపూస వాసన. అంత మంచి మజ్జిగ మా ఇంట్లో కూడా తాగలేదు, అబద్ధం ఎందుకు. తాగుతూ అడిగాను.

"మా భూమయ్యకు ఏమైంది రా?"

"ఏం గాలే అత్తా. ఓడిపోయిండు."

"దేంట్ల?"

"కూరల."

కథ ఇది. ఆ రేకుల గదిలో ఎనిమిది మంది. పద్దెనిమిదేళ్లుగా వంట వంతుల మీద నడుస్తోంది, రోజుకొకడు. పెద్ద భూమయ్య. శుక్రవారం కోడికూర మాత్రం ఎప్పుడూ ఆయనదే. గంటె ఆయన చేతిలో ఉంటుంది, ఎవరికి ఎంత పడాలో ఆయనే వేస్తాడు. కిందటి ఏడాది కుర్రవాళ్లు వంటమనిషిని పెట్టుకుందామన్నారు. పన్నెండు గంటలు పైపులు మోసి వచ్చి పొయ్యి ముందు నిలబడలేకపోతున్నామని. భూమయ్య ఒప్పుకోలేదు. ఒకడి చేతి కూడు తింటే గది విడిపోతుందన్నాడు. మాటా మాటా పెరిగింది. చివరికి పాలపొడి డబ్బా తెచ్చి ఓటు పెట్టారు. ఓటు కాగితం అందరికీ చదవడం రాదు కాబట్టి గింజలు. వంతులు ఉండాలంటే శనగ, వంటమనిషి కావాలంటే చింతగింజ.

"డబ్బా ముట్టకముందే అన్న ఒక మాటన్నడత్తా. 'నా మాట గెలవకుంటె నేనిగ గంటె పట్ట' అన్నడు. ఎవలు అడిగిన్రు ఆయనను?"

అయిదు చింతగింజలు, మూడు శనగలు. అన్నం గిన్నె మూత తీయకముందే భూమయ్య లేచి, పరుపు చుట్టుకుని, తోట మధ్యలోని పంపుగదికి వెళ్లిపోయాడు. తెల్లవారి యజమానిని, అక్కడ కఫీల్ అంటారు, ఎగ్జిట్ కొట్టమని అడిగాడు. కఫీల్ రెండు నెలలు ఆపి చూశాడు. వినకపోతే కొట్టేశాడు.

"నువ్వేం గింజ ఏసినవ్ రా?"

గంగారాం ఆవుల వైపు చూశాడు. "ఇంకింత లబన్ తాగు అత్తా," అన్నాడు.

రియాద్ దాటాక

ఆ లబన్ సీసా ఇంకొకటి ఇచ్చి పంపాడు. మూత సరిగా పెట్టలేదు. రియాద్ దాటేసరికి నా సంచీ, శాలువా, ఫ్రాన్సు జనరల్, అందరూ మజ్జిగలో నానారు. పుస్తకం చివరి పేజీలు ఒకదానికొకటి అంటుకుని అట్టులా అయిపోయాయి. పన్నెండేళ్ల తర్వాత దేశం ఆయన్ను పిలిచింది, మళ్లీ గద్దె ఎక్కాడు, అక్కడిదాకా తెలుస్తుంది. ఆ తర్వాత మజ్జిగ.

"చివరికి ఏమయ్యాడయ్యా?" అని అల్లుణ్ని అడిగాను.

ప్రసాద్‌కు ఆ జనరల్ అంటే గౌరవం. వాళ్ల నాన్న దగ్గర విన్నవాడు. "గొప్ప మనిషండీ. పదేళ్లు ఏలాడు. ఆఖర్న జనాన్ని ఓటు అడిగాడు, ఈ మార్పు ఒప్పుకోకపోతే నేను దిగిపోతానని. జనం వద్దన్నారు. మర్నాడు మధ్యాహ్నానికల్లా దిగిపోయాడండీ. ఒక్కరోజు కూడా కుర్చీ పట్టుకుని వేళ్లాడలేదు."

"దిగినాక?"

"సొంతూరు వెళ్లిపోయారు."

"మళ్లీ పిలిచారా?"

"లేదండీ. ఏడాదిన్నర బతికారంతే. ఓ సాయంత్రం ఒక్కరే పేకముక్కలు పేర్చుకుంటూ కూర్చుని, అలాగే పోయారట."

"భార్య ఉందా?"

"ఉందండీ, ఆ గదిలోనే."

"ఆమె ఏమీ అనలేదా?"

ప్రసాద్ అద్దం సరిచేసుకున్నాడు. "గొప్పతనం అంటే అదేనండీ, మాట మీద నిలబడ్డం," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నిలబడ్డవాడికి పేరు, ఇంట్లో వండి పెట్టినదానికి పుస్తకంలో ఒక పేజీ కూడా లేదు. ఆ సంగతి ముందే చూసుకున్నాను, మజ్జిగ పడకముందు.

హాయిల్

గురువారం సాయంత్రానికి హాయిల్ చేరాం. చలి. సౌదీ అంటే ఎండ అని చెప్పినవాళ్లందరినీ తెచ్చి జనవరిలో అక్కడ నిలబెట్టాలి. కఫీల్ ఇంట్లోనే దిగాం. మగవాళ్లు ముందు గదిలో, నన్ను లోపలికి తీసుకుపోయి కఫీల్ తల్లి పక్కన కూర్చోబెట్టారు. నా వయసే ఉంటుంది. ఆమె తెలుగు ఎరగదు, నేను అరబ్బీ ఎరగను. చిన్న గిన్నెలో పచ్చటి కాఫీ పోసింది, గహ్వా అంటారు, యాలకుల కషాయంలా ఉంది. తాగి గిన్నె కింద పెట్టాను. మళ్లీ పోసింది. మర్యాదకు తాగాను. మళ్లీ పోసింది. ఏడు గిన్నెలు తాగాను. కడుపు డప్పులా అయ్యింది. చివరికి పనిమనిషి జాలిపడి చూపించింది, చాలు అంటే గిన్నెను చేతిలో పట్టుకుని కొంచెం ఊపాలట. ఊపాను. ముసలామె పడీపడీ నవ్వింది. ముందే చెప్తే ఏం పోయింది?

అల్లుడు వచ్చి కఫీల్ మాట చెప్పాడు. ఇంకా పదమూడు రోజులు. ఎగ్జిట్ రద్దు చేయమన్నా చేస్తాడట, విమానం ఎక్కుతానన్నా పంపుతాడట, ఏదో ఒకటి చెప్పమనండి అంటున్నాడు. "మీ తమ్ముడిగారి తల రాయి" అన్నాడట. అది పుట్టినప్పటి నుంచి నాకు తెలుసు.

శుక్రవారం పొద్దున కారులో తోట చేరి పంపుగదికి పోయాను. గోధుమ చేలు చక్రాల్లా గుండ్రంగా ఉంటాయి, మధ్యలో నిలబడి ఇనుప చెయ్యి తిరుగుతూ నీళ్లు చల్లుతుంది. ఇసుకలో ఆ పచ్చదనం చూస్తే కళ్లు తిరిగాయి. ఆ చక్రం నడుమ చిన్న గది. ముందు భూమయ్య, మఫ్లరు చుట్టుకుని, రాళ్ల పొయ్యి మీద ఒక్కడికి సరిపడా అన్నం పెట్టుకుని కూర్చున్నాడు.

"అక్కా! గింత దూరం ఎందుకచ్చినవే?"

"నీ మొఖం సూద్దామని అచ్చిన. పదమూడు దినాలున్నయట. సంచి గట్టినవా?"

"గట్టలే."

"మరి ఉంట అని చెప్పినవా?"

"చెప్పలే."

"పోవు, ఉండవు. నడుమల నీకేం రోగం రా?"

అన్నం కలబెట్టాడు. చాలాసేపు కలబెట్టాడు.

"పద్దెనిమిదేండ్లు అక్కా. జ్వరమస్తె గంజి కాసి తాపిన. గంజి తాగినోళ్లే చింతగింజ ఏసిన్రు. పోతనంటే ఒక్కడు పోకు అనలే. ఒక్కడచ్చి పిలవలే. ఇంకో ముచ్చట ఇను, పళ్లెం కొట్టుడు గూడ బంద్ వెట్టిన్రు. నాకు ఇనవడద్దని."

కొట్టే పళ్లెం సంగతి నాకు తెలుసు. వంట అయ్యాక గది ముందు కొడితే చేలల్లో ఉన్నవాళ్లందరూ తిండికి వస్తారు. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఆ చప్పుడు వినబడేది. "ఉంట అక్కా, పళ్లెం మోగింది," అని పెట్టేసేవాడు.

"పిలిస్తే పోతవా?"

"ఆళ్లెందుకు పిలుస్తరు?"

"పిలిస్తే పోతవా అంటున్న."

అప్పుడు జనరల్ కథ చెప్పాను, మజ్జిగ పడ్డ భాగంతో సహా. మొదటిసారి పన్నెండేళ్లకు పిలిచారు అనగానే "సూసినవా మరి!" అన్నాడు, మొఖం వెలిగింది.

"మొత్తం ఇను. రెండోపారి ఎవ్వలు పిలవలే. ఒక్కడే పత్తాలు పేర్చుకుంట సచ్చిండు."

భూమయ్య పొయ్యిలోకి పుల్ల తోశాడు. "నాకు పత్తాలు రావు," అన్నాడు.

చెంప పగలగొట్టబుద్ధి అయ్యింది. అరవైకి దగ్గరపడ్డవాడని ఊరుకున్నాను.

రేకుల గది

అక్కడి నుంచి తిన్నగా గదికి వెళ్లాను. ఆరుగురూ ఉన్నారు, సెలవు రోజు. గుమ్మంలోనే మొదలుపెట్టాను.

"మీరు మనుషులేనా? నాలుగు నెలలు! ఒక్కడన్న పోయి, అన్నా రా అంటే మీ సొమ్ము పోతుండెనా?"

మల్లేశం వాళ్లలో పెద్దవాడు, భూమయ్యతో పాటు ఈ దేశం వచ్చినవాడు. గోడ చూపించాడు. పొయ్యి పైన నూనె జిడ్డు పట్టిన కాగితం, పెద్ద అక్షరాలు.

"అన్న వెట్టిన రూల్లక్కా. అన్న చెప్తుంటే తిరుపతి రాసిండు."

భూమయ్యకు చదువు రాదు. నాకు వచ్చు, నెమ్మదిగా. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాను, ఆరుగురూ నిలబడి విన్నారు. ఒకటి: వంట వంతు తప్పరాదు. రెండు: పళ్లెం మోగకముందు గిన్నె మూత తీయరాదు. మూడు: తిన్న కంచం కడగకముందు కూరకు వంక పెట్టరాదు, పెట్టినవాడు తెల్లవారి వండాలి. నాలుగు: అలిగి లేచినవాణ్ని ఎవరూ పిలవరాదు, ఆకలే పిలుస్తుంది.

నాలుగోది రెండుసార్లు చదివాను.

"మరి పళ్లెం ఎందుకు కొడ్తలేరు?"

ఆ కాగితం రాసిన కుర్రవాడు తిరుపతి చెప్పాడు. "కొడితే పంపుకాడికి ఇనవడ్తది పెద్దమ్మా. ఇనవడితే పిలిచినట్టే గదా. అన్న రూలు తప్పినట్టయితది. అందుకనే మేం ఒకలకొకలం మిస్‌కాల్ ఇచ్చుకుంటున్నం."

నేను మంచం మీద కూర్చుండిపోయాను.

"వంటమనిషేడి?"

"ఇరవై దినాలకే పాయె. కూరల ఆవనూనె పోసేటోడు. మళ్ల వంతులే."

"అంటే మా తమ్ముని మాటే నిలిచింది."

"నిలిచింది."

"ఆ సంగతి ఆనికి చెప్పలే."

"చెప్తే పిలిచినట్టే కదక్కా," అన్నాడు మల్లేశం. కళ్లలో నీళ్లున్నాయి, కాని మాట మీద గట్టిగా ఉన్నాడు. నాలుగో రూలు ఓటు పెట్టి తీసేయొచ్చు కదా అన్నాను. రూలు మార్చాలంటే గదివాళ్లందరూ కూర్చోవాలట. భూమన్న లేకుండా అందరూ ఎట్లవుతారు అన్నారు.

ఫ్రాన్సు దేశం నయం. అక్కడ పిలవకూడదని ఎవరూ కాగితం అంటించలేదు.

ఒంటిగంటా పది

"లేవుండ్రి. పొయ్యి ఖాళీ చేయిండ్రి," అన్నాను.

కోడి గడ్డకట్టింది, కరగడానికే గంట పట్టింది. అల్లం వెల్లుల్లి నేనే నూరాను. చింతపండు పిసికి పచ్చిపులుసు చేశాను, నువ్వులు వేయించి పొడి కొట్టి వేశాను, భూమయ్య ప్రాణం అందులోనే ఉంటుంది. ఎల్లయ్య ఉల్లిపాయలు కోశాడు, సగం అంగుళం మందం. నేను చూసి ఏమీ అనలేదు, మూడో రూలు ఉంది కదా. దూరంగా జుమ్మా నమాజు అయిపోయింది, పక్క తోటలోని పాకిస్తానీ వాళ్లు తిరిగి వస్తున్నారు.

గంటె తీసుకుని బయటికి వచ్చాను. మల్లేశం అడ్డం వచ్చాడు.

"అక్కా, అద్దు. రూలు."

"నేను మీ గదిదాన్ని కాదు. నాకు రూలు లేదు."

మూడు దెబ్బలు కొట్టాను. ఆగాను. ఎవరూ రాలేదు. ఇంకో పది కొట్టాను. చెయ్యి నొప్పి పుట్టింది. లోపల ఆరుగురూ కంచాల ముందు కూర్చుని తలలు వంచుకున్నారు, కర్మ జరుగుతున్న ఇంట్లోలాగా.

పావుగంట పట్టింది. గోధుమ చేను గట్టు మీద మఫ్లరు కనిపించింది. తొందరేమీ లేదు, మెల్లగా, చేతులు వెనక కట్టుకుని, చేను చూసుకుంటూ. దేశాన్ని ఏలేవాడిలాగా.

గుమ్మంలో ఆగాడు. "పళ్లెం ఎవలు కొట్టిన్రు?"

ఆరుగురూ నా వైపు చూశారు.

"నేను కొట్టిన. తింటే తిను, లేకుంటే పో," అన్నాను.

చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఆయన కూర్చునే చోటు, తలుపు పక్కన గోడకు ఆనించి, ఖాళీగానే ఉంది. నాలుగు నెలలుగా ఖాళీగానే ఉంచారని చాప చూస్తే తెలుస్తోంది, అక్కడ మాత్రం రంగు పోలేదు. కూర్చున్నాడు. వడ్డించాను. తిన్నాడు. పచ్చిపులుసు రెండోసారి పోయించుకున్నాడు. కోడికూర ముక్క కొరికి, మెల్లగా నమిలి, కంచం వైపు చూస్తూ అన్నాడు.

"కూరల ఉప్పు తక్కువైంది."

అందరి చేతులూ ఆగిపోయాయి. కంచం కడగలేదు. పద్దెనిమిదేళ్లలో ఆయన నోట ఆ మాట ఎవరూ వినలేదు.

తిరుపతి గోడ మీద కాగితం చూశాడు. మల్లేశాన్ని చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"అన్నా, మూడో రూలు. రేపటి వంట నీదే."

"రూలంటే రూలే గద," అన్నాడు భూమయ్య. "మాంసం బయట తీసి వెట్టుండ్రి పొద్దుగాల్నే. మీకు ఎప్పుడు యాదికుంటది గనుక."

మల్లేశం లేచి బయటికి పోయాడు. ముక్కు చీదిన చప్పుడు వినబడింది. ఆ రూలు పెట్టినవాడికి ఆ రూలు గుర్తులేదా? నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడూ కాదు.

శనివారం వండాడు. తిన్నాక పాలపొడి డబ్బా తీసి నాలుగో రూలు మీద గింజలు వేశారు. తీసేయమని ఆరు చింతగింజలు, ఉంచమని ఒక్క శనగ. ఆ శనగ ఎవరిదో ఎవరూ అడగలేదు. తర్వాత భూమయ్య గంటె కడిగి, తుడిచి, తిరుపతి చేతిలో పెట్టాడు. బుధవారం విమానం ఎక్కాడు. ఇప్పుడు జగిత్యాలలో లక్ష్మి వండిన ప్రతి కూరకూ ఉప్పు తక్కువంటున్నాడట. వంతు వేసుకుని వండమని చెప్పాను.

ఆ శుక్రవారం రేకుల గదిలో భోజనానికి కూర్చున్నవాళ్లు: మల్లేశం, ఎల్లయ్య, నర్సింగం, తిరుపతి, సాయిలు, శంకర్. తలుపు దగ్గర కాళ్లు ముడుచుకోవడం రాక అవస్థపడ్డ మా అల్లుడు ప్రసాద్. తన చోట తాను, నా తమ్ముడు భూమయ్య. వడ్డించింది నేను, పోసవ్వను. కూర కూడా నేనే వండాను. ఉప్పు సరిగ్గా ఉంది.